స్టెప్నీకి కాపలా ఎవరిది?

(మిరప కోతలకు ముందు జరిగిన మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఎజెండాలో ధర ఉంది, పంట బీమా ఉంది, విత్తనాల నష్టపరిహారం ఉంది. వాటి మధ్యలో "స్టెప్నీ దొంగతనాలు" అని ఒక అంశం రాసి ఉంటే కొందరు నవ్వారు. ఇంత పెద్ద సంఘానికి టైరు గొడవ ఎందుకు అని పక్కవాళ్ళతో అన్నారు. గత సీజన్‌కు ముందు మేమూ ఇలాగే నవ్వేవాళ్ళం. ఎందుకు మానేశామో ముందు చెబుతాం.

పోయిన ఏప్రిల్‌లో మా ఊరి నుంచి ఐదుగురు రైతులం కలిసి ఒక కిరాయి మినీ లారీలో 110 టిక్కీల మిరపకాయలు ఎత్తాం. ఏ యార్డుకు అన్నది ఇక్కడ అనవసరం. ఎక్కడికి పోయినా సీజన్‌లో కథ ఒకటే. సాయంత్రం చేరేసరికి గేటు బయట బండ్ల వరుస. ఆ రాత్రి అక్కడే. మర్నాడు గేటు తీస్తారన్నారు, తీయలేదు. రెండో రాత్రీ అక్కడే. మొదటి రాత్రి డ్రైవర్ తమ్ముడు కన్ను మూయలేదు, మన టిక్కీలు ఎవరైనా లాగుతారేమోనని పట్టా తాడు పట్టుకొని కూర్చున్నాడు. రెండో రాత్రి కేబిన్‌లో పడి నిద్రపోయాడు. మేం ఐదుగురం పైన టిక్కీల మీద పడుకున్నాం. పైనున్న సరుకు మీద ఆరుగురి కళ్ళు ఉన్నాయి. కింద వేలాడే టైరు మీద ఒక్కరిదీ లేదు.

తెల్లారి యార్డులో ఖాళీ లేదన్నారు. సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుందామని బయలుదేరాం. ఏడెనిమిది కిలోమీటర్లు పోయామో లేదో ముందు టైరు పేలింది. డ్రైవర్ జాకీ, వీల్ పానా తీసుకొని కిందికి దూరాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వంగి చూస్తే స్టెప్నీ ఉండాల్సిన చోట బ్రాకెట్ మాత్రమే ఉంది. నట్లు విప్పి శుభ్రంగా పట్టుకుపోయారు. ఆ తమ్ముడు కిందే కూర్చొని బ్రాకెట్ వంక చూస్తూ ఉండిపోయాడు.

అప్పటికే మబ్బు పట్టింది. పేలిన టైరు ఇక పంక్చర్ వేసుకోవడానికి పనికిరాదు. ఆ సైజు టైరు దగ్గరలో దొరకలేదు. రెండో బండి మాట్లాడి, రోడ్డు మీదే 110 టిక్కీలు మార్చాల్సి వచ్చింది. సగం మారాక జల్లు పడింది. ఏడు టిక్కీలు తడిశాయి. తడిసిన కాయ రంగు పోతే వ్యాపారి ఏమంటాడో మీకు తెలుసు. తాలు కింద కట్టాడు. రెండో బండి కిరాయి, హమాలీ, తడిసిన కాయకు తగ్గిన ధర అన్నీ కలిపితే పోయిన టైరు ఖరీదును మించిపోయింది.

అంతటితో అయిపోలేదు. ఊరికొచ్చాక బండి ఓనర్, "టైరు, ట్యూబు, డిస్కు కలిపి 16 వేలు, డ్రైవర్ జీతంలో నెలనెలా కోసుకుంటా" అన్నాడు. మాలో ఇద్దరు రైతులు, "మా కాయ తడిసింది, కిరాయి ఇవ్వం" అన్నారు. డ్రైవర్ ఒకే మాట అన్నాడు: "మొదటి రాత్రి మీ సరుకు కాశాను కదన్నా, రెండో రాత్రి నన్ను ఎవరైనా కాశారా?" ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ అంశం ఎజెండాలోకి వచ్చింది.

దొంగ స్టెప్నీనే ఎందుకు ఎత్తుతాడు?

స్టెప్నీ అనే మాట మన ఇంటి మాట అయిపోయింది గానీ అది ఒక వీధి పేరు. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలో లానెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ స్ట్రీట్ ఉంది. తొలి రోజుల్లో కార్లకు స్పేర్ చక్రం ఉండేది కాదు. 1904లో ఆ వీధిలో దుకాణం ఉన్న డేవీస్ సోదరులు పంక్చరైన చక్రానికి బిగించుకునే స్పేర్ చక్రం తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరే చక్రానికి వచ్చింది. అక్కడివాళ్ళు ఆ మాట ఎప్పుడో మరిచిపోయారు, మన దేశంలో మాత్రం ఇప్పటికీ ప్రతి డ్రైవర్ నోట్లో ఉంది. దారిలో ఆగిపోకుండా ఇల్లు చేరడానికి పుట్టిన వస్తువు అది. అవసరమైనప్పుడే దాని విలువ తెలుస్తుంది. మిగతా రోజుల్లో దాని వంక ఎవరూ చూడరు. దొంగకు కావలసిందీ అదే.

రెండో కారణం ఉంది. బండికి ఆర్‌సీ ఉంది. ఇంజిన్ నంబరు, ఛాసీ నంబరు ఆర్‌సీలో రాసి ఉంటాయి. టైరు నంబరు ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఉండదు. బండి నుంచి విడిపోయిన క్షణం నుంచీ అది ఎవరిదో చెప్పే సాక్ష్యం ఉండదు. ఆ సాక్ష్యం మనమే తయారుచేసుకోవాలి. 

కొందరు డ్రైవర్లు ఒక ఉపాయం చెబుతుంటారు. "అరిగిపోయిన టైరు స్టెప్నీగా పెడితే ఎవరూ దొంగిలించరు కదా" అంటారు. ఇది మనల్ని మనం మోసం చేసుకోవడమే. దొంగకు టైరు పనికిరాకపోయినా డిస్కు పనికొస్తుంది, అదీ కాకపోతే ఇనుము తూకానికి పోతుంది. ఒకవేళ దొంగ వదిలేసినా, నాలుగు టన్నుల బరువున్న బండికి ఆ గుండు టైరు బిగించి ఎంత దూరం పోతాం? దొంగ నుంచి కాపాడుకున్న స్టెప్నీ రోడ్డు మీద మన ప్రాణం తీస్తుంది. స్టెప్నీ మిగతా టైర్ల సైజుదే, అదే బరువు మోసేదే ఉండాలి, గాలి నిండుగా ఉండాలి.

మన చేతిలో ఉన్న పనులు

మొదటిది గొలుసు, తాళం. పశువులను కట్టే గొలుసు పనికిరాదు, కట్టర్‌తో ఒక్క నొక్కుకు తెగుతుంది. లింకు లావుగా ఉన్న గట్టి ఇనుప గొలుసు కావాలి. దాన్ని డిస్కు కంతలోంచి దూర్చి ఛాసీ అడ్డపట్టీ చుట్టూ తిప్పాలి. ఊరికే బ్రాకెట్‌కు చుడితే బ్రాకెట్‌తో సహా పోతుంది. గొలుసు వేలాడకూడదు. వదులుగా ఉంటే రాడ్డు దూర్చి మెలితిప్పుతారు, కట్టర్ పెట్టడానికి చోటు దొరుకుతుంది. తాళం కప్ప కొమ్మి వీలైనంత తక్కువ బయటికి కనిపించే రకం తీసుకోవాలి, చెయ్యి సులువుగా అందని వైపు తిప్పి వేయాలి. గొలుసుకు పాత ట్యూబు ముక్క తొడిగితే చప్పుడు చేయదు, టైరును కోయదు. తాళం మీదా ఒక ట్యూబు ముక్క కట్టండి, బురద పోదు.

చిన్న బండ్లలో స్టెప్నీ వెనుక తొట్టి కింద కేబుల్‌కు వేలాడుతుంది. రాడ్డు పెట్టి తిప్పితే కేబుల్ దిగుతుంది. మనం దించుకునే పద్ధతే దొంగకూ తెలుసు. కేబుల్ ఉందని ధీమాగా ఉండొద్దు, దానికీ గొలుసు వేయండి.

నట్లు వెల్డింగ్ చేయించే వాళ్ళు ఉన్నారు. అలా చేయొద్దు. అర్ధరాత్రి పంక్చరైతే మనకూ ఊడదు. తాళం వేసినా అంతే. నెలకోసారి తీసి మళ్ళీ వేయండి, తుప్పు పడితే అవసరానికి తెరుచుకోదు. ఒక తాళంచెవి బండి తాళాల గుత్తికే ఉండాలి, రెండోది ఓనర్ ఇంట్లో. తాళంచెవి ఇంట్లో, పంక్చర్ రోడ్డు మీద అయితే ఆ తాళం మనకే శత్రువు.

స్టెప్నీని పైకెత్తి సరుకులో పెట్టుకుంటామనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. టిక్కీల అడుగున పెడితే పంక్చరైన చోట బండి మొత్తం దించాలి. పెట్టదలిస్తే చివర్లో, వెనుక డోరు దగ్గర, తాడుతో కట్టి పెట్టండి.

రెండోది గుర్తు. డిస్కు మీద బండి నంబరు పంచ్‌తో కొట్టించండి. టైరు కూర్చునే అంచు మీదా, వెల్డింగ్ గీత మీదా కొట్టొద్దు, మధ్య చదును భాగం మీద కొట్టాలి. దాని పక్కన ఊరి పేరు ఆయిల్ పెయింట్‌తో పెద్ద అక్షరాల్లో రాయండి. టైరు పక్కగోడ మీద కంపెనీ వేసిన సీరియల్ నంబరు ఉంటుంది. దానితో పాటు నాలుగు అంకెల తయారీ సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. 2323 అని ఉంటే 2023లో 23వ వారం తయారైందని అర్థం. ఈ నంబర్లు నోట్‌బుక్‌లో రాసుకోండి, ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకు కూడా పంపి ఉంచండి. టైరు కొన్న బిల్లు ఆర్‌సీ జిరాక్సు పక్కనే పెట్టండి.

ఈ గుర్తు ఇంకో మోసానికీ మందు. స్టెప్నీ మొత్తం ఎత్తుకుపోతేనే దొంగతనం కాదు. కొత్త టైరు తీసి, అదే సైజు అరిగిన టైరు బిగించి పోయేవాళ్ళున్నారు. కింద టైరు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి నెలల తరబడి మనకు తెలియదు. పంక్చర్‌కు ఇచ్చి టీ తాగడానికి పోయినప్పుడూ ఇది జరగొచ్చు. మన రాత ఉంటే తిరిగొచ్చినప్పుడు ఒక్క చూపులో తెలుస్తుంది.

మూడోది బండి నిలిపే పద్ధతి. వెలుతురులో నిలపండి. కింద వేలాడే స్టెప్నీని వెనక్కో పక్కకో లాగాలి. వెనుక గోడకు ఆనించి నిలిపితే లాగడానికి జాగా ఉండదు. పక్కన ఉండే స్టెప్నీ అయితే ఆ పక్క ఇంకో బండి దగ్గరగా ఉండాలి. ఒక ఊరి బండ్లు ఒక చోట నిలవండి. రైతులు, డ్రైవర్లు కలిసి రెండేసి గంటల వంతు వేసుకోండి. టార్చి పట్టుకొని ఒక మనిషి బండ్ల చుట్టూ తిరుగుతుంటే చాలు, దొంగ ఇంకో చోటు వెతుక్కుంటాడు. బయలుదేరే ముందు ఒకసారి కిందికి వంగి చూడండి. మేం ఆ రోజు వంగి ఉంటే క్యూలో ఉండగానే తెలిసేది, రోడ్డు మీద కాదు.

దొంగ దొరికాడని కొట్టొద్దు

ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. అదే క్యూలో, మొదటి రాత్రి ఇంకెవరిదో బండి బ్యాటరీ పోయింది. తెల్లారి చిత్తుకాగితాలు ఏరుకునే పిల్లాణ్ణి పట్టుకొని కొందరు చెయ్యి చేసుకున్నారు. వాడి సంచిలో ఖాళీ నీళ్ళ సీసాలున్నాయి. పదేళ్ళ పిల్లాడు లారీ బ్యాటరీ విప్పి మోసుకుపోయాడా? మేం అడ్డుపడి విడిపించాం. అనుమానం ఉంటే 112కు ఫోన్ చేయండి. పోయిన సొమ్ము మళ్ళీ సంపాదించుకుంటాం, కొట్టిన దెబ్బ వెనక్కి తీసుకోలేం.

ఫిర్యాదు రాసేటప్పుడు

చాలామంది ఫిర్యాదే ఇవ్వరు. "టైరుకు కేసేంటి" అని స్టేషన్‌లో పంపేస్తారని భయం. చట్టం ఏం చెబుతుందో తెలిస్తే ఆ భయం సగం పోతుంది.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. 303వ సెక్షన్ మామూలు దొంగతనానికి. పోయిన వస్తువు విలువ ఐదు వేల కంటే తక్కువైతే ఆ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే ఫిర్యాదులో "పాత టైరు పోయింది" అని రాసి ఊరుకోవద్దు. టైరు, ట్యూబు, డిస్కు, గొలుసు ఏవి పోయాయో, ఒక్కోదాని విలువ ఎంతో ఉన్నది ఉన్నట్టు రాయండి, బిల్లు జతచేయండి. ఎక్కువ చేసి రాయొద్దు, తక్కువ చేసీ రాయొద్దు.

305వ సెక్షన్ కూడా గుర్తుంచుకోండి. సరుకులు లేదా ప్రయాణికులను తీసుకుపోయే వాహనం నుంచి వస్తువు దొంగిలిస్తే ఏడేళ్ళ వరకు జైలు శిక్ష వేయొచ్చని అందులో ఉంది. మనది సరుకు బండి. ఆ సెక్షన్‌ను పరిశీలించమని ఫిర్యాదులోనే కోరండి. దొంగ సొత్తని తెలిసి కొన్నవాడికి 317వ సెక్షన్ ఉంది. బిల్లు లేకుండా చవగ్గా వస్తుందని పాత టైరు కొనే మనవాళ్ళు కూడా ఇది వినాలి. కొనేవాడు లేకపోతే దొంగిలించేవాడికి పనేముంది?

"ఇది మా పరిధి కాదు, అక్కడికి పో" అంటే ఒప్పుకోనక్కర్లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం కేసు కట్టదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. 

బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. థర్డ్ పార్టీ పాలసీలో మన బండికి పైసా రాదు. సరుకు బండ్ల ప్యాకేజీ పాలసీలో కూడా, మొత్తం బండి పోకుండా విడి సామాను మాత్రమే దొంగతనానికి గురైతే సాధారణంగా చెల్లించరు. పాలసీ కాగితం తీసి, చదివినవాళ్ళతో ఆ పేరా చదివించుకోండి.

కాపలా మనదేనా?

ఇంతసేపూ మనం చేయాల్సింది చెప్పాం. ఇక్కడితో ఆపితే తప్పంతా మనదే అన్నట్టు అవుతుంది.

ఆ రెండు రాత్రులు రోడ్డు మీద ఎందుకున్నాం? మన సరదా కోసమా? మిరపకు గుంటూరున్నా, వరంగల్ ఏనుమాములున్నా, సీజన్ రాగానే కాయంతా ఒకేసారి మార్కెట్‌కు పోతుంది. వడ్లయితే మిల్లు ముందు దిగుమతి కోసం లారీలు, ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడతాయి. బండి ఎన్ని రాత్రులు నిలబడితే దొంగకు అన్ని అవకాశాలు. స్టెప్నీ దొంగతనం అక్కడ పుడుతోంది.

1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం ప్రకారం మార్కెట్ కమిటీ ఫీజు వసూలు చేస్తుంది. కొనేవాళ్ళ దగ్గర తీసుకుంటారని చెబుతారు, నిజమే. కానీ వసూలు చేసేది మన సరుకు విలువ మీద. ఆ ఫీజు మార్కెట్‌లో సౌకర్యాల కోసం కూడా. గేటు లోపల షెడ్డు వేస్తే సరిపోదు. గేటు బయట మనల్ని నిలబెట్టినప్పుడు ఆ వరుస కూడా మార్కెట్టే. అక్కడ దీపం, కాపలా, తాగే నీళ్ళు, మరుగుదొడ్డి అడగడం అడుక్కోవడం కాదు.

అందుకని ఈ సమావేశం ముందు ఈ తీర్మానాలు పెడుతున్నాం:

1. సీజన్ మొదలయ్యేలోపు బండ్లు నిలిచే స్థలమంతా లైట్లు, కెమెరాలు పెట్టాలని, రాత్రి కాపలాదారులను వేయాలని మార్కెట్ కమిటీకి, కొనుగోలు కేంద్రాల అధికారులకు వినతిపత్రం ఇవ్వాలి.

2. ఏ రోజు ఏ ఊరి సరుకు వస్తుందో ముందే టోకెన్ ఇవ్వాలి. గేటు మూసేస్తుంటే ఆ సంగతి బండి ఊరు దాటకముందే తెలియజేయాలి.

3. గేటు దగ్గర దొంగతనాల ఫిర్యాదు పుస్తకం పెట్టాలి. 

4. స్టెప్నీ పోయిందని డ్రైవర్ జీతంలో, బత్తాలో కోత పెట్టకూడదు. మా ఊళ్ళో చివరికి ఇలా తేల్చుకున్నాం: సగం ఓనర్, మిగతా సగం ఐదుగురు రైతులం. కిరాయి పూర్తిగా ఇచ్చాం. రెండు రాత్రులు ఒక్క మనిషిని మేలుకోమని చెప్పే హక్కు మనకు లేదు. ఇకనుంచి కిరాయి మాట్లాడేటప్పుడే తాళం ఉందా, వంతు కాపలా ఎవరిది, పోతే ఎవరు భరించాలి అన్నది ముందే మాట్లాడుకోవాలి.

5. మండలంలో సరుకు తోలే ప్రతి బండి టైరు నంబర్లు, డిస్కు గుర్తులు సంఘం ఆఫీసులో ఒక రిజిస్టర్‌లో రాసి ఉంచాలి. 

నాలుగో తీర్మానం ఓనర్లకు నచ్చకపోవచ్చు. వాళ్ళూ అప్పు తెచ్చి బండి కొన్నవాళ్ళే, వాళ్ళలో చాలామంది రైతు బిడ్డలే. అభ్యంతరం ఉంటే ఇక్కడే లేచి చెప్పండి, మాట్లాడుకుందాం. కానీ నష్టమంతా మనందరిలో అన్నిటికంటే తక్కువ సంపాదించేవాడి మీద వేసి చేతులు దులుపుకోవడం మాత్రం సంఘం పద్ధతి కాదు.

చివరిగా ఒక పని. బయట వేపచెట్టు కింద ఎర్ర పెయింటు డబ్బా, నంబరు పంచ్‌లు, సుత్తి, ఒక కొత్త రిజిస్టర్ పెట్టించాం. ఈ రోజు మీటింగుకు వచ్చిన బండ్లు పద్నాలుగు ఉన్నాయి. భోజనాలు వడ్డించేలోపు ఆ పద్నాలుగు స్టెప్నీలకూ గుర్తు పడాలి. మా ఐదుగురి సరుకు మోసిన డ్రైవర్ తమ్ముడే రిజిస్టర్ రాయడానికి ఒప్పుకున్నాడు. ఒక్కొక్కరే బండి తెచ్చి పెట్టండి. కిందికి వంగి చూడటం కూడా ఈ రోజే మొదలుపెడదాం.